పక్కింటి ఐదో స్లాబు, నాలా పక్క జాగ, ఒక్క రూపాయి రిజిస్ట్రేషన్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ టౌన్‌ప్లానింగ్ చుట్టూ తిరిగేవే. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం, పేర్లు, ఇంటి నంబర్లు తీసేశాం. కొందరు కాగితాల జిరాక్సులు కూడా పంపారు, దయచేసి ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ పంపకండి, మాక్కూడా.

ప్రశ్న: మాది నయీంనగర్. మా పక్క మూడు వందల గజాల్లో పాత పెంకుటిల్లు కూలగొట్టి హాస్టల్ కోసం కడుతున్నారు. పర్మిషన్ మూడు అంతస్తులకే అని మేస్త్రీయే చెప్పాడు, ఇప్పుడు ఐదో స్లాబుకు సెంట్రింగ్ కొడుతున్నారు. మా గోడకూ వాళ్ల గోడకూ మధ్య చెయ్యి పట్టేంత సందు లేదు. సజ్జా మా ప్రహరీ దాటి వచ్చింది, క్యూరింగ్ నీళ్లు మా వంటింటి కిటికీలో పడుతున్నాయి. కార్పొరేషన్‌కు పోయి చాలాసార్లు చెప్పి వచ్చాం. ఒకాయన వచ్చి ఫొటోలు తీసుకున్నాడు, రెండు రోజులు పని ఆగింది, మళ్లీ మొదలైంది. పెనాల్టీ కట్టించుకుని వదిలేస్తారని అందరూ అంటున్నారు, నిజమేనా?

జవాబు: సగం నిజం. అక్రమంగా కట్టిన దానికి జరిమానా కలిపి ఇంటి పన్ను వేస్తారు, అది చట్టంలో ఉన్నదే. కానీ ఆ పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం అయిపోదని కూడా అదే చట్టం చెబుతోంది. ఈ రెండో ముక్క ఎవరూ చెప్పరు. పన్ను రసీదు చేతిలో పెట్టుకుని 'రెగ్యులరైజ్ అయింది' అని ఫ్లాట్లు అమ్మేవాళ్లు మన ఊళ్లో తక్కువేం లేరు.

అసలు ఇది ఇంత దూరం ఎలా వచ్చిందో చూడండి. 2020లో ఆన్‌లైన్ భవన అనుమతుల కోసం టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక (ఇప్పుడు బిల్డ్ నౌ అంటున్నారు) 600 గజాల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి యజమాని తన మాట మీద తనే డిక్లరేషన్ ఇచ్చి వెంటనే అనుమతి తీసుకోవచ్చు. ముందుగా ఎవరూ వచ్చి చూడరు. మంచిదే, టేబుల్ టేబుల్‌కూ చెయ్యి తడిపే బాధ తప్పింది. కాకపోతే యజమాని మాట తప్పితే కూల్చేసే అధికారం అదే చట్టం కార్పొరేషన్‌కు ఇచ్చింది, నోటీసు లేకుండా కూడా కూల్చవచ్చని రాసుకున్నారు. సులువుగా అనుమతి ఇవ్వడం మొదటి రోజు నుంచీ నడుస్తోంది, కూల్చే దగ్గరికి వచ్చేసరికి సిబ్బంది లేరు, పోలీస్ బందోబస్తు దొరకలేదు అంటారు. ఆ సందులోనే మీ పక్కింటి ఐదో స్లాబు లేస్తోంది.

2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత మామూలు ప్రైవేటు స్థలంలో కట్టిన దాన్ని కూల్చాలంటే కనీసం 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, గోడకు అంటించాలి, యజమాని చెప్పేది వినాలి. అంటే ఫొటో తీసుకుపోయిన ఆయన మర్నాడే జేసీబీ తెస్తాడని మీరు ఎదురుచూసినా రాదు, రాకూడదు కూడా. కానీ నోటీసే ఇవ్వకుండా కూర్చోవడానికి ఆ తీర్పు సాకు కాదు.

ఇక మీరు చేయాల్సింది. 'పోయి చెప్పి వచ్చాం' అన్నారు చూడండి, పట్టు అక్కడే జారింది. నోటి ఫిర్యాదుకు ఫైలు ఉండదు. కమిషనర్ పేరు మీద ఒక పేజీ రాయండి, ఎక్కువొద్దు: ఇంటి నంబర్, ఎన్ని అంతస్తులకు అనుమతి, ఎన్ని కట్టారు, సజ్జా ఎంత దూరం మీ వైపు వచ్చింది, తేదీ కనపడేలా నాలుగు ఫొటోలు. ఇన్‌వర్డ్‌లో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, నంబర్ వేయించుకోండి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చినా సరే, నంబర్ లేకుండా మాత్రం తిరిగి రాకండి. ఆ వారంలోనే పది రూపాయలతో ఒక ఆర్‌టీఐ వేయండి. మంజూరైన ప్లాన్ కాపీ, ఇప్పటిదాకా ఇచ్చిన నోటీసుల కాపీలు, తనిఖీ రిపోర్టు, ఇంకా ముఖ్యంగా మార్ట్‌గేజ్ పత్రం అడగండి.

ఆ మార్ట్‌గేజ్ ఏమిటంటే, ఇంత సైజు కట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో పది శాతం కార్పొరేషన్ పేరున తనఖా పెట్టించుకుంటారు, ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (అందులో ఉండొచ్చని ఇచ్చే పత్రం) తీసుకున్నాకే విడిపిస్తారు. ప్లాన్ తప్పినవాడికి ఆ సర్టిఫికెట్ రాకూడదు, తనఖా విడిపోకూడదు. సర్టిఫికెట్ లేకుండా కరెంటు, నీళ్ల కనెక్షన్ ఇవ్వొద్దని, బ్యాంకులు కూడా అది చూశాకే అప్పు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 17న ఇంకో కేసులో చెప్పింది. కడుతున్నన్ని రోజులూ మంజూరైన ప్లాన్ సైట్ దగ్గర కనపడేలా పెట్టాలని కూడా అందులోనే ఉంది. మీ పక్కన అలాంటి బోర్డు ఉందా? లేకపోతే అదీ ఫిర్యాదులో ఒక లైను. కాబట్టి కరెంటు ఆఫీసుకూ ఒక కాపీ ఇవ్వండి, ఈ సంగతి చాలామందికి తట్టదు. హాస్టల్ నడిపేవాడికి కూల్చివేత నోటీసు కంటే కరెంటు మీటర్ రాదంటేనే ఎక్కువ టెన్షన్.

సజ్జా మీ ప్రహరీ దాటింది కాబట్టి సివిల్ కోర్టులో ఇంజంక్షన్‌కు (పని ఆపమనే ఆర్డర్‌కు) వెళ్లే హక్కు మీకు విడిగా ఉంది. కార్పొరేషన్ కదలకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు. అక్కడ చాలాసార్లు ముందుగా వచ్చే ఆర్డర్ 'ఫిర్యాదును పరిశీలించి చర్య తీసుకోండి' అనే. పరిశీలించడానికి ముద్ర పడిన ఫిర్యాదు ఉండాలి కదా, అందుకే పైన అంత గట్టిగా చెప్పింది. స్లాబు ఆరకముందే ఇదంతా చేయండి. పిల్లలు పెట్టె బేడాతో హాస్టల్‌లో దిగాక ఏ అధికారి అయినా సుత్తి ఎత్తడానికి వెనకాడతాడు.

ప్రశ్న: కాశిబుగ్గలో మాకు 70 గజాల జాగ ఉంది, రిజిస్ట్రేషన్ కాగితం ఉంది. రేకులు తీసేసి రెండు గదులు, పైన ఒక గది వేసుకుంటున్నాం. బైక్ మీద ఒకతను వచ్చి ఫొటో తీసి, పర్మిషన్ లేదు, పైవాళ్లకు చెప్తే పని ఆగుతుంది, ముప్పై వేలిస్తే చూసుకుంటా అంటున్నాడు. కార్పొరేటర్‌తో చెప్పించమంటారా?

జవాబు: ఇవ్వకండి తమ్ముడూ. 75 గజాల లోపు జాగలో గ్రౌండ్ గానీ, పైన ఒక అంతస్తు గానీ కట్టుకోవడానికి అనుమతే అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, ఫీజు అక్షరాలా ఒక్క రూపాయి. ఎత్తు 7 మీటర్లు దాటకూడదు, జాగ ప్రభుత్వానిదో చెరువుదో కాకూడదు, పెద్ద ప్లాటును ముక్కలు చేసి 75 గజాలని చూపించకూడదు. ఇవన్నీ సరిగా ఉంటే మీరు మీ సేవకు పోయి రిజిస్టర్ చేసుకుని, ఆ కాగితం గోడకు అంటించుకుని పని చేసుకోండి. ఇప్పటికే మొదలుపెట్టారు కాబట్టి ఈ రోజే చేయండి, రేపు కాదు.

కార్పొరేటర్ సంగతి. మన కార్పొరేషన్‌లో 2021 ఏప్రిల్ 30న జరిగిన ఎన్నికల్లో గెలిచినవాళ్లు 66 డివిజన్లకు 66 మంది. బడ్జెట్ ఆమోదించడం, డివిజన్‌లో రోడ్డు, మోరీ పనులు అడగడం, కౌన్సిల్‌లో అధికారులను నిలదీయడం వాళ్ల పని. ఇల్లు కట్టుకోమని చెప్పే అధికారం గానీ, ఆపే అధికారం గానీ ఏ కార్పొరేటర్‌కూ లేదు, అది కమిషనర్ కింద టౌన్‌ప్లానింగ్ విభాగానిది. 'అన్నను కలవండి' అనే మాట ఎవరి నోట వచ్చినా అది అన్న పని కాదని గుర్తుపెట్టుకోండి. ఆ బైక్ అతను మళ్లీ వస్తే ఐడీ కార్డు చూపించమనండి, నోటీసు రాసి ఇమ్మనండి. నిజంగా ఉద్యోగే అయి డబ్బులడిగితే ఏసీబీ టోల్‌ఫ్రీ 1064. డబ్బు చేతులు మారకముందే ఫోన్ చేయాలి, ఇచ్చేశాక చేస్తే వాళ్లు పట్టుకోవడానికి ఏం మిగలదు.

ప్రశ్న: హంటర్ రోడ్డు అవతల నాలా దగ్గర 80 గజాలు నోటరీ మీద కొన్నాం. ఇల్లు కట్టి పన్నెండేళ్లు అవుతోంది, ఇంటి పన్ను, నల్లా బిల్లు, కరెంటు బిల్లు అన్నీ నా పేరునే కడుతున్నాం. 2020లో, మళ్లీ 2023లో వానకు నడుము లోతు నీళ్లు వచ్చాయి. ఇప్పుడు కొలతలని వచ్చి గోడకు ఎర్ర గీత కొట్టి పోయారు. నేను బీడీలు చేస్తా, మా ఆయన హమాలీ. మా ఇల్లు పోతుందా?

జవాబు: అమ్మా, తీపి మాటలు చెప్పలేను. పన్ను రసీదు, కరెంటు బిల్లు మీరు అక్కడ ఉంటున్నారని చూపిస్తాయి, జాగ మీదని చూపించవు. నోటరీ కాగితంతో హక్కు రాదు. 2014 డిసెంబర్‌లో వచ్చిన 58వ జీవో కింద పేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించారు గానీ, అది చెరువులు, నాలాల భూమికి వర్తించదు. మీకు నోటరీ రాసిచ్చినవాడికి ఈ సంగతి తెలియకనా అమ్మింది?

అయినా ఎర్ర గీత చూసి సామాన్లు సర్దకండి. ముందు తేల్చాల్సింది ఆ గీత దేనికి కొట్టారని. నాలా లోపలికే ఇల్లు వచ్చిందా, నాలా అంచున ఖాళీగా వదలాల్సిన బఫర్‌లో ఉందా, లేక నాలా వెడల్పు చేయడానికి పక్క పట్టా భూమి తీసుకుంటున్నారా, ఈ మూడూ మూడు కథలు. భవన నిబంధనల ప్రకారం 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాకు అంచు నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 2 మీటర్లు వదలాలి. అసలు అంచు ఎక్కడుందో రెవెన్యూ, ఇరిగేషన్ వాళ్లు కలిసి సర్వే చేసి చెప్పాలి, టేపు పట్టుకొచ్చిన ఒక్కరు చెబితే సరిపోదు. తహసీల్దార్‌కు అర్జీ పెట్టి సర్వే నంబర్, స్కెచ్ అడగండి. పట్టా భూమి అని తేలితే వెడల్పు కోసం ఊరికే తీసుకోలేరు, నష్టపరిహారం అడగొచ్చు. దానికి మీకు అమ్మినవాడి పట్టా, లింకు కాగితాలు దొరకాలి, నోటరీలో సాక్షి సంతకాలు పెట్టినవాళ్లను ఇప్పుడే వెతకండి.

నాలా భూమే అని తేలితే, మొదటి జవాబులో చెప్పిన సుప్రీంకోర్టు తీర్పులోని 15 రోజుల రక్షణ నీటి వనరులు, రోడ్ల మీది ఆక్రమణలకు వర్తించదు. అందుకే ఇప్పుడే కలెక్టర్‌కు రాతపూర్వకంగా అడగాలి: ఇల్లు తీయకముందే ప్రత్యామ్నాయ ఇల్లు చూపించమని. మీ ఒక్కరే కాకుండా గీతలు పడిన ఇళ్లన్నీ కలిసి, ఒక్కో ఇంటి రేషన్ కార్డు, ఓటరు కార్డు జత చేసి ఇవ్వండి. వకీలు ఖర్చుకు భయపడకండి, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది.

వాన నీళ్లకు దారి కావాలి, 2020 ఆగస్టులో, 2023 జూలైలో ఊరంతా చూసింది, అందులో రెండో మాట లేదు. మా గొడవల్లా గీత ఎవరి గోడ దగ్గర మొదలవుతోందన్నదే. ఎగువన నాలాను ఇరుకు చేసి కాంపౌండ్ లేపిన పెద్ద కట్టడాలను వదిలి, దిగువన బీడీలు చుట్టే ఆమె గోడకు ముందు రంగు పూస్తే దాన్ని నాలా విస్తరణ అనలేం.

ప్రశ్న: దేశాయిపేటలో కిరాయికి ఉంటున్నాం, సొంత జాగ లేదు. ఇందిరమ్మ ఇళ్ల సర్వేలో మా పేరు ఎల్2లో వచ్చిందన్నారు. ఐదు లక్షలు ఎప్పుడు పడతాయి?

జవాబు: ఆ ఐదు లక్షలు ప్రస్తుతానికి మీకు కాదు. జాగ ఉండి ఇల్లు లేనివాళ్లది ఎల్1, జాగా ఇల్లూ రెండూ లేనివాళ్లది ఎల్2. ఐదు లక్షలు ఎల్1 వాళ్లకే, అదీ ఒక్కసారి కాకుండా పునాది, గోడలు, స్లాబు అంటూ నాలుగు విడతల్లో. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. మీలాంటివాళ్లకు దారి ప్రభుత్వం కట్టించి ఇచ్చే ఇళ్లే. పట్నంలో అసలు పేదలు ఎల్2లోనే ఎక్కువ, పథకం మాత్రం జాగ ఉన్నవాళ్లతో మొదలైంది. ఊళ్లకైతే సరే, గజం రేటు ఇలా ఉన్న హన్మకొండలో కూలి చేసేవాళ్లకు జాగ ఎక్కడిది? 'ఎల్1కి మార్పిస్తా, ఇరవై వేలివ్వు' అనేవాళ్లు తిరుగుతున్నారని ఇంకో ముగ్గురు రాశారు. జాగ లేకుండా ఎల్1లోకి మార్చడం ఎవరి వల్లా కాదు.

ప్రశ్న: హైడ్రా వరంగల్‌కు వస్తుందా? (ఈ ఒక్క లైను రాసినవాళ్లు చాలామంది.)

జవాబు: చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించడానికి 2024 జూలైలో పెట్టిన హైడ్రా పరిధి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వరకే. ఇక్కడ కార్పొరేషన్, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ), రెవెన్యూ, ఇరిగేషన్ నలుగురూ ఉన్నారు. ఐదో పేరు కోసం ఎదురుచూసేకంటే ఈ నలుగురిలో మీ చెరువు ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి.

ప్రశ్న: రంగశాయిపేటలో మా నాన్న కట్టిన ఇంటికి 2015లో బీఆర్ఎస్ అప్లికేషన్ పెట్టి డబ్బు కట్టాం. ఇంతవరకూ కాగితం రాలేదు. ఇప్పుడు ఇల్లు అమ్మాలి, కొనేవాళ్ల బ్యాంకు ఒప్పుకోవడం లేదు.

జవాబు: మీరన్నది పార్టీ కాదు, భవన క్రమబద్ధీకరణ పథకం అని మిగతా పాఠకులకు చెబుతున్నాం. 2015 అక్టోబర్ 28కి ముందు కట్టిన వాటికే అది, తర్వాత హైకోర్టులో ఆగింది. అప్లికేషన్ పెట్టినట్టు రసీదు ఉంటే క్రమబద్ధీకరణ అయినట్టు కాదు, బ్యాంకు అనేది అదే. మీ ఇంటిది 2015కి ముందు నాటి పన్ను రసీదో, కరెంటు మీటర్ తేదీయో ఉంటే తీసి పెట్టండి, ఫైలు కదిలిన రోజు మొదట అడిగేది అవే. కొనేవాళ్లకు సంగతి దాచకండి. సేల్ అగ్రిమెంట్‌లోనే 'దరఖాస్తు పెండింగ్‌లో ఉంది' అని రాయించండి, రేటు కొంత తగ్గినా సరే, లేకపోతే అడ్వాన్స్ తీసుకున్నాక వాళ్లు వెనక్కి తగ్గితే వడ్డీతో తిరిగి ఇవ్వాల్సింది మీరే.