వెలుగుతో గట్టిపడే లెన్సుల మీద పీహెచ్‌డీ: తర్వాత ఉద్యోగాలు ఉంటాయా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. యూవీ కాంతితో గట్టిపడే పాలిమర్లతో తక్కువ ఖర్చులో ప్లాస్టిక్ లెన్సులు తయారు చేయడం మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. సబ్జెక్టు మరీ ఇరుకైనదని, తర్వాత ఉద్యోగం దొరకదని సీనియర్లు అంటున్నారు. పైగా నాకు ఆప్టిక్స్ రాదు. ఏం చేయమంటారు?

జవాబు: నిస్సందేహంగా చేయండి. అయితే ముందుగా ‘తక్కువ ఖర్చు’ అంటే ఏమిటో స్పష్టంగా తెలుసుకోండి. చవకైన మోనోమర్ (పాలిమర్ తయారయ్యే మూల పదార్థం) దొరికితే చాలని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. అసలు ఖర్చంతా సమయంలో ఉంది. కళ్లద్దాలకు ఇప్పటికీ విరివిగా వాడే సీఆర్-39 రెజిన్ 1940లో వచ్చింది. దానికి గట్టిపడే చర్యను మొదలుపెట్టే పెరాక్సైడ్ కలిపి గాజు అచ్చుల్లో పోస్తారు. తర్వాత ఓవెన్‌లో మెల్లగా వేడి పెంచుతూ గంటల తరబడి గట్టిపరుస్తారు. అంతసేపూ ఆ అచ్చు ఇంకో లెన్సుకు పనికిరాదు. ఉత్పత్తి రెట్టింపు కావాలంటే అచ్చులూ ఓవెన్లూ పెంచుకోవాల్సిందే. అదే పని కాంతితో నిమిషాల్లో అయిపోతే, మోనోమర్ ధర కాస్త ఎక్కువైనా లెన్సు చవకగానే పడే అవకాశం ఉంది.

మరి ఇంకా ఎందుకు పూర్తిగా సాధ్యం కాలేదు? మీ పీహెచ్‌డీకి కావలసిన సరుకంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ఎక్రిలేట్లు అనే మోనోమర్లు కాంతి తగలగానే చాలా తొందరగా జెల్ అవుతాయి. ఆ తర్వాత కూడా కుంచించుకుంటూ పోవడంతో లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. లెన్సు అచ్చు నుంచి ముందే ఊడిపోవచ్చు, పగలవచ్చు, లేదా పైకి బాగానే కనిపిస్తూ బైరిఫ్రింజెన్స్ (దిశను బట్టి కాంతి వేర్వేరుగా వంగడం) చూపించవచ్చు. మందపాటి లెన్సులో ఇంకో చిక్కు ఉంది. పై పొరే కాంతిని తాగేస్తుంది, లోపల సరిగా గట్టిపడదు. పైగా కళ్లద్దం యూవీని ఆపాలి కదా! అందుకోసం కలిపే పదార్థమే గట్టిపరిచే కాంతిని కూడా ఆపేస్తుంది. అందుకే 405 నానోమీటర్ల ఎల్ఈడీకి స్పందించి, పని అయ్యాక రంగు కోల్పోయే టీపీఓ లాంటి ఇనీషియేటర్లు (కాంతిని పీల్చి రియాక్షన్‌ను మొదలుపెట్టే పదార్థాలు) వచ్చాయి. కానీ టీపీఓ సంతానోత్పత్తికి హానికరమని యూరోపియన్ యూనియన్ వర్గీకరించింది. 2025 సెప్టెంబర్ నుంచి అక్కడ సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించారు కూడా. దానికి బదులు ఏం వాడాలన్నది ఇప్పుడు గట్టిగా నడుస్తున్న వేట.

ఆర్గానిక్ కెమిస్ట్‌గా మీకు నేను ముందు చూపించేది థయోల్-ఈన్ రసాయనాన్ని, అంటే గంధకం ఉన్న థయోల్, జంట బంధం ఉన్న ఈన్ కలిసే చర్యను. అది స్టెప్-గ్రోత్ పద్ధతిలో (అణువులు మెట్టుమెట్టుగా కలుస్తూ) పెరుగుతుంది కాబట్టి జెల్ ఆలస్యంగా అవుతుంది, కుంచించుకునే ఒత్తిడి తగ్గుతుంది. ఎక్రిలేట్లను సతాయించినంతగా ఆక్సిజన్ దీన్ని సతాయించదు. గంధకం ఉండటం వల్ల రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (కాంతిని వంచే సామర్థ్యం) కూడా పెరుగుతుంది. ఇబ్బందులు లేకపోలేదు: వాసన ఘాటుగా ఉంటుంది, కలిపిన మిశ్రమం ఎక్కువ కాలం నిల్వ ఉండదు, వచ్చే పాలిమర్ తరచూ మెత్తగా ఉంటుంది. ఈ మూడూ రసాయనశాస్త్రం తెలిసినవాళ్లే తీర్చాల్సిన సమస్యలు.

ఆప్టిక్స్ గురించి టెన్షన్ పడకండి. లెన్స్ డిజైన్ మీ పని కాదు. రిఫ్రాక్టివ్ ఇండెక్స్, అబ్బే నంబర్ (రంగులు ఎంత తక్కువగా విడిపోతాయో చెప్పే అంకె), బైరిఫ్రింజెన్స్, పారదర్శకత కొలవడం వస్తే మొదలుపెట్టవచ్చు. ఉదాహరణకు పాలికార్బనేట్ ఇండెక్స్ దాదాపు 1.586, అబ్బే నంబర్ సుమారు 30. సీఆర్-39కి అవే 1.50, 58. ఇండెక్స్ ఎక్కువైతే లెన్సు పలచబడుతుంది, అబ్బే నంబర్ తగ్గితే అంచుల్లో రంగులు విడిపోతాయి. ఈ బేరం అర్థమైతే సగం ఆప్టిక్స్ వచ్చినట్టే. లోపలి ఒత్తిడిని చూడటానికి ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పోలరైజర్లు (ఒకే దిశలో కంపించే కాంతిని వదిలే ఫిల్టర్లు) చాలు. ఆప్టిక్స్ కన్నా రియల్-టైమ్ ఎఫ్‌టీఐఆర్ (రియాక్షన్ నడుస్తుండగానే పరారుణ కాంతితో బంధాల మార్పును చూసే పద్ధతి) మీద పట్టు సాధించండి. 810 cm⁻¹ దగ్గర ఎక్రిలేట్ శిఖరం, 2570 cm⁻¹ దగ్గర థయోల్ శిఖరం ఎంత వేగంగా కరుగుతున్నాయో చూసి రియాక్షన్ ఎలా నడుస్తోందో చెప్పగలగాలి. నా దృష్టిలో మీకు అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చే నైపుణ్యం ఇదే.

సీనియర్ల మాటలో కొంత నిజం ఉంది. లెన్సు కంపెనీల్లోనే ఉద్యోగం కావాలంటే అవకాశాలు తక్కువే. కానీ నీలికాంతితో గట్టిపడే పళ్ల ఫిల్లింగులు, ఆప్టికల్ ఫైబర్ పూతలు, త్రీడీ ప్రింటింగ్ రెజిన్లు, ఆప్టికల్ జిగుర్లు, ప్రింటింగ్ ఇంకులు... వీటన్నిటిలోనూ ఇదే విజ్ఞానం నడుస్తుంది. ఇంటర్వ్యూల్లో ‘ఫలానా లెన్సు చేశాను’ అనే బదులు ‘ఫోటోపాలిమర్ ఫార్ములేషన్, కైనెటిక్స్ తెలుసు’ అని చెప్పుకునేలా థీసిస్ మలుచుకోండి.

ఒక జాగ్రత్త గట్టిగా చెబుతున్నాను. ఎక్రిలేట్లు చర్మానికి తగిలితే ఎలర్జీ రావచ్చు, వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. సరైన గ్లోవ్స్ లేకుండా, యూవీ కళ్లజోడు పెట్టుకోకుండా పని చేయమనే ల్యాబ్‌లో చేరకండి.

గైడ్‌ను కలిసినప్పుడు ల్యాబ్‌లో రియల్-టైమ్ ఎఫ్‌టీఐఆర్, ఫోటో-డీఎస్సీ (కాంతి పడినప్పుడు రియాక్షన్‌లో వెలువడే వేడిని కొలిచే పరికరం) ఉన్నాయా అని అడగండి. ఇప్పటిదాకా పోసిన నమూనాల్లో అన్నిటికన్నా మందమైనది ఎంత మందం ఉందో కూడా అడగండి. సన్నని ఫిల్ముల దగ్గరే ఆగిన ల్యాబ్ అయితే అచ్చులు, దీపాలు కుదుర్చుకోవడానికే మీ మొదటి ఏడాది చాలావరకు పోతుంది. అందుకు నిధులు ఉన్నాయో లేవో తేల్చుకున్నాకే సంతకం పెట్టండి.