టీకాల కార్డు నీ హ్యాండ్‌బ్యాగులోనే ఉండాలి

చిట్టీ,

ఐదో నెల రాగానే పాపను నెల్లూరు నుంచి చెన్నైలో మా పెరంబూరుకు తీసుకొస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఉయ్యాల, ఆవకాయ జాడీ అన్నీ సర్దుతున్నారట. వాటికంటే ముందు టీకాల కార్డు తీసి నీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకో. ఫోటో తీసి మీ ఆయనకీ పంపు.

మా పెద్దాడి కార్డు పుట్టింట్లో బీరువాలో ఉండిపోయింది. తొమ్మిదో నెలలో వేయించాల్సిన తట్టు టీకాను రేపూ మాపూ అనుకుంటూ దాటేశాను. పదమూడో నెలలో వాడికి తట్టు పోసింది. కళ్ళు పుసులు కట్టి, వెలుతురు చూడలేక నా భుజంలో మొహం దాచుకునేవాడు. అది తగ్గాక చెవిలో చీము. ఆ రాత్రులు ఇప్పటికీ మర్చిపోలేదు తల్లీ.

పుట్టగానే వేసినవి, ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసినవి, అన్నిటికీ తేదీలు పడ్డాయో లేదో బయల్దేరేముందే చూసుకో. ఏదైనా తప్పిపోయినా టెన్షన్ పడకు. మళ్ళీ మొదటినుంచి వేయరు, ఆగిన చోటి నుంచే వేస్తారు. బీసీజీ (క్షయ టీకా) వేసిన చోట పొక్కు చితికితే మీ అమ్మ పసుపు రాయబోయిందట. ఏమీ రాయొద్దు, దానంతటదే మానుతుంది.

ఇక్కడ కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో బుధవారం టీకాల రోజు. డబ్బు కట్టక్కర్లేదు. భాష రాదని బెంగపడకు, టీకాను తమిళంలో ‘తడుప్పూసి’ అంటారు, ఆ మాట అంటే చాలు, చూపిస్తారు.

తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా, న్యుమోనియా బూస్టర్, పోలియో సూది ఒకే రోజు వేస్తారు. అన్ని సూదులా అని మీ అత్తగారు కంగారుపడితే, కలిపి వేసినా ప్రమాదం లేదని నెమ్మదిగా చెప్పు. పోలియో పోయిందిగా అంటారేమో. మన దేశంలో చివరి కేసు 2011లో వచ్చిన మాట నిజమే, కానీ పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో ఆ జబ్బు ఇంకా ఉంది. కాస్త జలుబు ఉందని కూడా వాయిదా వేయకు.

సూది వేశాక అరగంట అక్కడే కూర్చో. ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. పారాసిటమాల్ ఎంత వేయాలో నర్సమ్మనే అడుగు, పాప బరువును బట్టి చెబుతుంది. పాలు మాత్రం మానొద్దు. పాప మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, మూడు గంటలైనా ఏడుపు ఆపకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు.

తొమ్మిది నెలలు నిండాక వచ్చే మొదటి బుధవారాన్ని మా కేలండర్లో ఎర్ర ఇంకుతో చుట్టి పెట్టాను. ఆ రోజు నేనూ వస్తాను. సూది వేసేటప్పుడు పాపను నా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను.

మీ పెద్దమ్మ