ర్యామ్ కొనొద్దు, ఎమ్యులేటర్ మార్చి చూడండి

ఈసారి వచ్చిన సందేహాల్లో సగం పాత గేముల గురించే ఉన్నాయి, అందరిదీ దాదాపు ఒకటే బాధ. ఎమ్యులేటర్ అంటే పాత గేమ్ కన్సోల్‌లా కంప్యూటర్‌లో నటించే సాఫ్ట్‌వేర్. మొదటిదానికి కాస్త తీరిగ్గా చెప్తా, మిగతావి గబగబా అయిపోతాయి.

ప్రశ్న: మూలన పడున్న పాత లాప్‌టాప్ ఒకటి బయటికి తీశా. రెండు కోర్ల ప్రాసెసర్, 1.6 గిగాహెర్ట్జ్, 4 జీబీ ర్యామ్. సూపర్ నింటెండో, ప్లేస్టేషన్ 1 గేములు ఆడదామని ఎమ్యులేటర్ వేస్తే సౌండ్ చిటపటలాడుతోంది, బొమ్మ నత్తనడక నడుస్తోంది. ముప్ఫై ఏళ్ల నాటి గేములకి కూడా ఇది చాలదా? ర్యామ్ 8 జీబీ చేయిస్తే బాగుపడుతుందా?

ర్యామ్ జోలికి వెళ్లొద్దండి, డబ్బులు దండగ. సూపర్ నింటెండోకి ఉన్న మెయిన్ ర్యామ్ మొత్తం 128 కిలోబైట్లు, ప్లేస్టేషన్ 1 కి 2 మెగాబైట్లు, మీ దగ్గరున్న 4 జీబీలో అలాంటివి వేలకొద్దీ పడతాయి. మీ కొరత ప్రాసెసర్ దగ్గరుంది, అదీ ఒక్క కోర్ స్పీడ్ దగ్గర.

సూపర్ నింటెండో ప్రాసెసర్ మహా అయితే 3.58 మెగాహెర్ట్జ్, మీది 1600, అంటే నాలుగొందల రెట్ల పైనే, మరి ఎందుకు చాలట్లేదు అని మీకు అనిపించొచ్చు, నాకూ మొదట్లో అలానే అనిపించింది. కానీ ఆ డబ్బాలో ఉన్నది ఒక్క చిప్ కాదు. మెయిన్ ప్రాసెసర్ ఒకటి, బొమ్మ గీసేవి రెండు, సౌండ్ కోసం విడిగా ఇంకో చిన్న ప్రాసెసర్, దాని పక్కన సౌండ్ తయారుచేసే చిప్ ఇంకోటి. ఇవన్నీ ఒకే టైంలో ఎవరి పని వాళ్లు చేసుకుంటూ పోతాయి. ఎమ్యులేటర్‌లో మాత్రం నాటకంలో ఒక్కడే అన్ని వేషాలూ వేసినట్టు మీ ప్రాసెసర్ కాసేపు ఇదిగా, కాసేపు అదిగా మారుతూ ఉండాలి, పైగా అసలు చిప్ ఒక్క దెబ్బలో చేసే చిన్న కూడికకి కూడా ఇక్కడ ఆ ఆదేశాన్ని చదివి, అదేంటో తేల్చుకుని, చేసి, ఫలితం రాసి పెట్టాలి కాబట్టి ఒకటి చేసేచోట పదులకొద్దీ పనులవుతాయి. ఇదంతా సెకనుకి 60 ఫ్రేములు చొప్పున, అంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లలో అయిపోవాలి. ఫ్రేమ్ లేటైతే దానితో రావాల్సిన సౌండ్ కూడా లేటవుతుంది, స్పీకర్‌కి అందించడానికి ముందే దాచిపెట్టిన సౌండ్ నిల్వ (బఫర్) ఖాళీ అయిపోతుంది. మీకు వినిపించే చిటపట అదే. అంటే మీ సౌండ్ కార్డుకి ఏ రోగమూ లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ వేషాలు ఎంత తరచుగా మార్చాలి అన్నది ఎమ్యులేటర్ రాసినవాళ్ల ఇష్టం. బిఎస్‌నెస్ లాంటిది కచ్చితత్వం కోసం పుట్టింది, చిప్‌ల మధ్య టైమింగ్ చాలా సన్నగా కలుపుతూ పోతుంది, అందుకే బరువు. స్నెస్9ఎక్స్ అంత పట్టింపు లేకుండా ఒకదాన్ని కాస్త దూరం నడిపి, తర్వాత రెండోదాన్ని దాని దగ్గరికి తెస్తుంది, అందుకే తేలిక, దాదాపు గేములన్నీ అందులో హాయిగా నడుస్తాయి. ఎక్కడ చదివినా 'బెస్ట్ ఎమ్యులేటర్' అని మొదటి రకాన్నే చెప్తారు, అది బెస్టే, కాకపోతే మీ లాప్‌టాప్‌కి కాదు.

రెండు కోర్లున్నాయి కదా, తలా కాస్త పని పంచొచ్చుగా అంటారేమో. ఆ చిప్‌లు సెకనుకి లక్షలసార్లు ఒకదానికోసం ఒకటి ఆగి చూసుకోవాలి, రెండు కోర్ల మధ్య అన్నిసార్లు ఆగితే ఆగడానికే టైమంతా పోతుంది. కావాలంటే గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. మొత్తం సీపీయూ 50 శాతం దగ్గరే ఆగిపోయి ఉంటుంది, ఇంకా సగం ఖాళీగానే ఉందిగా అనిపిస్తుంది. రెండు కోర్ల మెషీన్‌లో 50 అంటే ఒక కోర్ పూర్తిగా నిండిపోయిందని అర్థం. గ్రాఫులో రెండు కోర్లూ సగం సగం కనిపించినా మోసపోకండి, విండోస్ ఆ ఒక్క పనినే ఇటూ అటూ తిప్పుతుంటుంది.

సరే, ఏం చేయాలి. రెట్రోఆర్క్ (చాలా ఎమ్యులేటర్లని ఒకేచోట నడిపే ప్రోగ్రామ్, అందులో ఒక్కో ఎమ్యులేటర్‌నీ 'కోర్' అంటారు, ప్రాసెసర్ కోర్ కాదు) వాడుతుంటే సూపర్ నింటెండోకి మామూలు స్నెస్9ఎక్స్ కోర్ వేయండి, అదీ బరువైతే స్నెస్9ఎక్స్ 2010, ఇంకా కిందికి 2005 ఉన్నాయి, పాత వెర్షన్లే కానీ తేలిక. సెగా వాళ్ల మెగా డ్రైవ్ కన్సోల్‌కి పికోడ్రైవ్. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి ఎంజీబీఏ, అది మీ మెషీన్‌లో కష్టపడాల్సిన పని లేదు. ప్లేస్టేషన్ 1 కి బీటిల్ అనే బరువైన కోర్ ఉంటే తీసేసి పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్ పెట్టండి, అది మొదట్లో ఏఆర్‌ఎమ్ రకం ప్రాసెసర్లున్న చిన్న చిన్న పరికరాల కోసమే తయారైంది కాబట్టి పొదుపుగా బతకడం దానికి అలవాటు.

తర్వాత సెట్టింగుల్లో మూడు చూడండి. రన్ అహెడ్ ఆన్‌లో ఉంటే ముందు దాన్ని పీకేయండి, బటన్ నొక్కిన వెంటనే స్పందన రావడానికని అది ఒక్కో ఫ్రేమునీ ఒకటికి రెండుసార్లు నడుపుతుంది, మీ లాప్‌టాప్ ఒకసారికే ఆయాసపడుతోంది. ఆటని వెనక్కి తిప్పే రివైండ్ తీసేయండి. పాత టీవీలా గీతలు చూపించే షేడర్లు కూడా, అవి గ్రాఫిక్స్ చిప్ మీద పడే బరువు. ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి చిన్నగా చిట్లుతుంటే ఆడియో లేటెన్సీ (సౌండ్‌కి ఇచ్చే ఆలస్యం) 64 మిల్లీసెకన్ల నుంచి 128 కి పెంచండి, అయితే గేమే మొత్తంగా స్లో అయితే దీనివల్ల ఒరిగేదేం లేదు. అన్నీ ఒకేసారి మార్చకండి బాబూ, ఏది పనిచేసిందో తెలీకుండా పోతుంది.

ఇంకోటి. ఒక గేమ్ బాగా ఆడి ఇంకోటి ఆడకపోతే కంగారు పడొద్దు. 1993 లో వచ్చిన స్టార్ ఫాక్స్ క్యాట్రిడ్జ్‌లోనే సూపర్ ఎఫ్ఎక్స్ అని అదనపు చిప్ పెట్టారు, అంటే ఎమ్యులేటర్‌కి ఇంకో వేషం అన్నమాట. మీ దగ్గర అలాంటి గేమ్ ఉంటే దానితోనే టెస్ట్ చేయండి, అది నడిస్తే మామూలువి నడుస్తాయి.

ఛార్జర్ పెట్టే ఆడండి, పవర్ ప్లాన్ హై పర్ఫార్మెన్స్‌లో పెట్టండి, బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లు స్పీడ్ తగ్గించేస్తాయి. వేడి సంగతి కూడా చూస్కోండి. నా పాత లాప్‌టాప్‌లో ఒక గేమ్ రోజూ మూడో స్టేజీకి రాగానే స్లో అయ్యేది, ఆ స్టేజీయే బరువేమో అని వారంపాటు సెట్టింగులన్నీ కెలికా, చివరికి ఒకరోజు మొదటి స్టేజీలోనే పావుగంట ఊరికే తిరుగుతూ కూర్చుంటే అక్కడా స్లో అయింది. ఫ్యాన్ నిండా దుమ్ము, అది వేడెక్కి స్పీడ్ తగ్గడానికి పట్టే టైమూ నేను మూడో స్టేజీకి చేరే టైమూ సరిగ్గా ఒకటే! క్లీన్ చేశాక మళ్లీ ఆ గొడవ లేదు.

ప్రశ్న: ఇదే లాప్‌టాప్ లాంటిదాన్లో ప్లేస్టేషన్ 2 నడుస్తుందా?

నడవదు. ఆ కన్సోల్ ప్రాసెసర్ 294 మెగాహెర్ట్జ్ పైన, పక్కన లెక్కలకే రెండు వెక్టర్ యూనిట్లు, దాని ఎమ్యులేటర్ ఇప్పటి పీసీఎస్ఎక్స్2 కి ఎస్ఎస్ఈ4.1 ఆదేశాలు తెలిసిన ప్రాసెసర్ తప్పనిసరి, అది ఉన్నా స్పీడ్ చాలదు. బదులుగా సోనీ చేతి కన్సోల్ పీఎస్‌పీ గేములు పీపీఎస్ఎస్‌పీపీ అనే ఎమ్యులేటర్‌లో ప్రయత్నించండి, రెండరింగ్ రిజల్యూషన్ 1ఎక్స్‌లోనే ఉంచితే 2డీ గేములు, తేలికపాటి 3డీవి కొన్ని ఆడే అవకాశం ఉంది.

ప్రశ్న: కీబోర్డ్‌తో ఆడుతుంటే పరిగెడుతూ గెంతి కాల్చబోతే మూడో బటన్ పనిచేయట్లేదు. ఎమ్యులేటర్ బగ్గా?

బగ్ కాదు, కీబోర్డే అంత. లాప్‌టాప్ కీబోర్డుల్లో కీలు అడ్డం నిలువు వైర్ల గడుల్లో ఉంటాయి, కొన్ని మూడు కీలు కలిపి నొక్కితే మూడోది నిజంగా నొక్కారో లేదో దానికే తెలీదు, అందుకని వదిలేస్తుంది. నోట్‌ప్యాడ్ తెరిచి కుడి బాణం నొక్కి పట్టుకుని, దాంతోపాటు జెడ్ నొక్కి పట్టుకుని, అప్పుడు ఎక్స్ నొక్కి చూడండి, అక్షరం పడకపోతే అదే సంగతి. షిఫ్ట్, కంట్రోల్ లాంటి కీలకి మామూలుగా వేరే ఏర్పాటు ఉంటుంది కాబట్టి గెంతడం, కాల్చడం వాటికిస్తే చాలావరకు తీరిపోతుంది. షిఫ్ట్ ఐదుసార్లు వరసగా నొక్కితే స్టిక్కీ కీస్ అని ఒక డబ్బా లేచి ఆట చెడగొడుతుంది, ముందే ఆఫ్ చేస్కోండి. లేదంటే ఏదో ఒక యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్.

ప్రశ్న: ప్లేస్టేషన్ 1 గేమ్ తెరిస్తే బయోస్ లేదంటోంది. ఎక్కడ డౌన్‌లోడ్ చేయాలి?

లింకు మాత్రం అడగొద్దండి, ఆ బయోస్ (కన్సోల్ ఆన్ చేయగానే నడిచే దాని లోపలి ప్రోగ్రామ్) సోనీ కాపీరైట్ సొత్తు. ఎమ్యులేటర్ వేరు, బయోస్ వేరు. సోనీ, కనెక్టిక్స్ కేసులో 2000 లో అమెరికా అప్పీలు కోర్టు, ఎమ్యులేటర్ తయారుచేయడానికి బయోస్‌ని విప్పి చూడటం తప్పు కాదంది, అంతేగానీ బయోస్ ఫైలు, గేములు ఊరంతా పంచుకోమనలేదు. మీ సొంత కన్సోల్ ఉంటే దాన్నుంచి తీసుకోవడం ఒక దారి. రెండోది, పైన చెప్పిన పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్‌లో సొంతంగా రాసుకున్న బదులు బయోస్ ఉంది, చాలా గేములు దాంతో లేస్తాయి, కొన్ని మొరాయిస్తాయి. మీ సీడీ నుంచి కాపీ చేసుకున్నప్పుడు బిన్ ఫైలుతోపాటు (సీడీలోని డేటా) క్యూ ఫైల్ కూడా (సీడీలో ఏ ట్రాక్ ఎక్కడుందో చెప్పే చిన్న ఫైలు) ఉంచి, గేమ్‌ని ఆ క్యూ ఫైలుతోనే తెరవండి, లేకపోతే కొన్ని గేముల్లో మ్యూజిక్ రాదు.

ప్రశ్న: కోర్ మార్చాక పాత సేవ్ స్టేట్లు లోడ్ కావట్లేదు, సగం గేమ్ పోయినట్టేనా?

పోలేదు. సేవ్ స్టేట్ అంటే ఆ క్షణంలో ఎమ్యులేటర్ లోపలున్నదంతా ఉన్నదున్నట్టు ముద్రించుకోవడం, ఒకరి ముద్ర ఇంకొకరికి అర్థం కాదు, ఒక్కోసారి అదే ఎమ్యులేటర్ కొత్త వెర్షన్‌కి కూడా అర్థం కాదు. గేమ్‌లోపల మీరు చేసే సేవ్ మాత్రం క్యాట్రిడ్జ్ బ్యాటరీ మెమరీకి నకలు, అది సాధారణంగా ఏ కోర్‌కైనా పనికొస్తుంది. అందుకని పాత కోర్ మళ్లీ వేసి, స్టేట్ లోడ్ చేసి, గేమ్ ఇచ్చే సేవ్ పాయింట్ దాకా స్లోగానైనా ఈడ్చుకెళ్లి అక్కడ సేవ్ చేయండి. అప్పుడు కోర్ మార్చండి. మార్చాక కూడా కనిపించకపోతే సేవ్స్ ఫోల్డర్‌లో కోర్ పేరుతో విడివిడి ఫోల్డర్లు ఉన్నాయేమో చూసి, పాతదాన్లోని ఎస్ఆర్ఎమ్ ఫైల్‌ని (గేమ్‌లోపలి సేవ్ ఉండేది అందులోనే) కొత్తదాన్లోకి కాపీ చేయండి.