నల్గొండ, పాలమూరు వైపు పిల్లలు క్రికెట్ మానేయకుండా టోర్నమెంట్లను ఎలా మార్చాలి?

ముందు నాకౌట్ పద్ధతి తీసేయాలి. మన దగ్గర సంక్రాంతికో, ఎండాకాలం సెలవులకో పెట్టేవి చాలావరకు అవే. 16 జట్లు వస్తే మొదటి రౌండ్‌లోనే 8 ఇంటికి. ఎంట్రీ ఫీజు కట్టి, బస్సెక్కి వచ్చిన పిల్లాడు ఏడో నంబరులో దిగేవాడైతే బ్యాటు పట్టకుండానే తిరిగిపోతాడు. అదే 16 జట్లను నాలుగు గ్రూపులు చేస్తే అందరికీ కనీసం మూడు మ్యాచ్‌లు. గ్రూపుల్లోనే 24 మ్యాచ్‌లవుతాయి, గ్రౌండ్ ఎక్కడిదంటారు. నిజమే, పది ఓవర్లకు కుదించి, ఆరు ఆదివారాలకు పంచుకోవాలి.

పదేళ్ల పిల్లలను 22 గజాల, అంటే దాదాపు 20 మీటర్ల పిచ్ మీద ఆడించడం మరీ అన్యాయం. ఆస్ట్రేలియాలో జూనియర్ క్రికెట్ మొదటి దశ పిల్లలకు పిచ్ 16 మీటర్లే, జట్టుకు ఏడుగురే. వైడ్లు తగ్గుతాయి, అందరికీ ఆట దొరుకుతుంది.

పెద్ద నగదు బహుమతి పెడితే మాత్రం ఇవేవీ నిలవవు. కెప్టెన్లు హైదరాబాద్ లీగ్ ఆటగాళ్లను దించుతారు, ఊరి పిల్లలు బౌండరీ దగ్గర బంతులు ఏరుతారు. జట్టులో నలుగురు 19 ఏళ్ల లోపువాళ్లు ఉండాలి, అందులో ఇద్దరు బౌలింగ్ చేయాలి అని రూలు పెట్టండి. తేదీలంటారా, మార్చిలో పదో తరగతి, ఇంటర్ పరీక్షలు. ఆ నెల జోలికి పోవద్దు.