మా బస్తీకి కెమెరాలు ఎందుకు లేవు?

ప్రశ్న: గచ్చిబౌలి దిక్కు ఒక ఆఫీసుల హౌస్‌కీపింగ్ చేస్తా అక్కా. సెకండ్ షిఫ్ట్ అయి బస్సు దిగేసరికి రాత్రి పదిన్నర దాటుతది, మెయిన్ రోడ్డు నుంచి మా బస్తీల దాకా ఒక్క లైటు ఎలగదు. మొన్న బైక్ మీద ఇద్దరొచ్చి చేతిలోని ఫోన్ గుంజుకపోయిన్రు. స్టేషన్‌కి పోతే అది మా లిమిట్స్ కాదన్నరు, ఇంకో స్టేషన్‌ల కెమెరా ఉందా అనడిగిన్రు. పక్క కాలనీల గల్లీకో కెమెరా ఉంది. మాకెందుకు లేదు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చెల్లీ, ముందు ఫోన్ సంగతి. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కంప్లైంట్ తీసుకోవాల్సిందే, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, 2019లో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ కనపడకుండా పోయిన రాత్రి వాళ్లింటివాళ్లని లిమిట్స్ పేరుతో తిప్పారనే ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్‌లో ఇది రాసే ఉంది. ఒక్కటి మర్చిపోకు, కాగితం మీద "ఫోన్ పోయింది" అని రాయించొద్దు, "లాక్కుపోయారు" అని రాయించు. పోయింది అంటే మిస్సింగ్ కింద పక్కన పెట్టేస్తారు, లాక్కోవడం నేరం, కొత్త శిక్షాచట్టం బీఎన్ఎస్ 304వ సెక్షన్. తీసుకోకపోతే అదే కంప్లైంట్ డీసీపీకి రిజిస్టర్ పోస్టులో పంపు. ఫోన్‌ని గుర్తుపట్టే ఐఎంఈఐ నంబర్ ఫోన్ డబ్బా మీద ఉంటుంది, దాంతో పోయిన ఫోన్ల కోసం సర్కారు పెట్టిన సీఈఐఆర్ పోర్టల్‌లో ఫోన్ బ్లాక్ చేయించు.

ఇక కెమెరాలు. ఊళ్లో మనకి కనపడేవి అన్నీ సర్కారు పెట్టినవి కావు, 'నేను సైతం' అని పోలీసులే చెప్పి కాలనీవాళ్ల చేత, షాపులవాళ్ల చేత చందాలేయించి పెట్టించినవి బోలెడు. డబ్బున్న కాలనీ వేసుకుంది, రోజుకూలీల బస్తీలో ఎవరేస్తారు? కెమెరా లేదని కేసు తేలదు, కేసు తేలని చోటికే దొంగ మళ్లీ వస్తాడు. నాకు కడుపు మండేది ఇంకోటుంది, అదే బస్తీకి కార్డన్ సెర్చ్ అని పోలీసులు గుంపుగా దిగి ఇల్లిల్లూ తిరిగి ఆధార్ కార్డులు, బండి కాగితాలు అడుగుతారు, గేటెడ్ కమ్యూనిటీలో అట్లా తలుపులు కొట్టడం ఎప్పుడైనా విన్నామా? సోదాకి అంతమంది దొరికినప్పుడు రాత్రి పదిన్నరకి ఒక పెట్రోలింగ్ బండి ఎందుకు దొరకదు? ఐటీ కారిడార్‌లో ఆడవాళ్లకి షీ షటిల్ బస్సులు నడుపుతున్నారు, చాలా మంచి పని, కానీ బస్సు దిగాక నువ్వు నడిచే ఆ చీకటి దారి ఎవరి లెక్కలోనూ లేదు.

ప్రస్తుతానికి ఆడవాళ్ల ప్రయాణ భద్రతకి పోలీసులు పెట్టిన టీ-సేఫ్ వాడు, 100 కొట్టి 8 నొక్కితే చాలు, ఇంటికి చేరేదాకా కనిపెట్టి ఉంటారు, మామూలు ఫోన్ ఉన్నా పనిచేస్తుంది. తర్వాత మీ షిఫ్ట్ ఆడవాళ్లంతా కలిసి వెలగని స్తంభాల నంబర్లు రాసుకుని సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో మున్సిపల్ ఆఫీసులో ఇవ్వండి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోకుండా రావద్దు. కెమెరాలకి ఎమ్మెల్యే నియోజకవర్గ నిధులు అడగండి, వేరే చోట్ల ఆ నిధులతో పెట్టించారు. ఎవరైనా వచ్చి ఇంటికి ఇంత చందా వేయండి అంటే మాత్రం మీరు ఒక్క రూపాయి ఇవ్వొద్దు.