పోతన చెప్పిన మదనములు ఏ పూలు?

సందేహం: మా క్యాంపస్‌లో చెట్లకు పేర్ల బోర్డులు పెట్టిస్తున్నాం. మంగ చెట్టు బోర్డు మీద 'మదనం' అని కూడా రాశారు. "మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు" అన్న పోతన పద్యంలో మదనమంటే ఉమ్మెత్త అని మాకు బడిలో చెప్పారు. మా విద్యార్థి ఒకరు మన్మథుడంటున్నాడు. ఏది సరి? – ఒక అధ్యాపకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, పోతన ఊరు బమ్మెర మీకు దగ్గరే. ఆ మహాకవి పద్యాన్ని చెట్ల కింద నిలబడి చదువుతున్నారంటే నాకెంత సంతోషమో చెప్పలేను.

ముందు మన్మథుణ్ణి పక్కన పెడదాం. "మదనములకు" అని బహువచనం ఉంది, పైగా అమహద్వాచకం, అంటే మగవాళ్లను చెప్పే మాట కాదు. మన్మథుడైతే 'మదనునకు' అనేవాడు పోతన. పద్యాన్ని అర్థం చూసుకోకుండా రాగం తీసి అప్పజెప్పడం అలవాటైంది మనకు. విభక్తి దగ్గర ఒక్క క్షణం ఆగితే ఈ పొరపాటు రాదు. మదనానికి తేనెమైనం అనే అర్థమూ ఉంది. తుమ్మెద ఉంది కదా అని దాన్నిక్కడికి లాగకండి.

ఇక మిగిలినవి మంగ, ఉమ్మెత్త. అమరకోశంలో మొక్కల పేర్లు చెప్పే వనౌషధి వర్గులో రెండింటికీ చోటుంది. ఉమ్మెత్త పేర్లలో "మాతులో మదనశ్చ" అన్నాడు, మంగ పేర్లలో "శల్యశ్చ మదనే" అన్నాడు. కాబట్టి మీ బోర్డు తప్పు కాదు.

నా మనసు మాత్రం ఉమ్మెత్త వైపే. ఆ పేరు చూడండి: సంస్కృతంలో ఉన్మత్త, ప్రాకృతంలో ఉమ్మత్త, మన నోట ఉమ్మెత్త. పిచ్చెక్కించేది అనే కదా! మదనంలో ఉన్నదీ 'మద్' ధాతువే. ఇప్పుడు పద్యం చివరకు రండి. "చింతనామృత పాన విశేష మత్త చిత్తము" అంటాడు ప్రహ్లాదుడు. మత్తులో మత్తు! హరిచింతనతో ఒకసారి మత్తెక్కిన మనసుకు ఉమ్మెత్త మత్తు ఏం కావాలి? మొదటి పాదంలో వేసిన విత్తనం ఎత్తుగీతిలో, అంటే సీసం చివర వచ్చే గీతపద్యంలో, పూసింది. పూలనూ చూడండి. మంగపువ్వు తెల్లగా విచ్చి పసుపుకు తిరుగుతుంది, వాసన కమ్మగా ఉంటుంది. తుమ్మెద దాని మీద వాలితే తప్పు పట్టలేం. ఉమ్మెత్తది పొడవాటి గొట్టం పువ్వు, పొద్దుగూకే వేళకు విచ్చుకుంటుంది. మకరందానికి ఎదురు నిలబెట్టాల్సింది దాన్నే.

కాదనేవాళ్లకూ ఒక ఆధారం ఉంది. మూడో పాదంలో మామిడికి కుటజం, అంటే కొడిసె, జోడీ. చెట్టుకు చెట్టు. ఆ లెక్కన మందారానికీ చెట్టే జోడీ కావాలి కదా, కాబట్టి మంగే అనవచ్చు. కొట్టిపారేయలేను. (ఆ కొడిసె పూలనే మేఘసందేశంలో యక్షుడు ఆషాఢ మేఘానికి అర్ఘ్యంగా ఇచ్చాడు. పోతన కోయిలకు మాత్రం అవి పనికిరాలేదు!)

మందారం కూడా మన పెరటి ఎర్ర పువ్వు కాదు. దాన్ని సంస్కృతంలో జపాకుసుమం అంటారు, తెలుగులో దాసాని. పోతన మందారం పారిజాతం, సంతానం, కల్పవృక్షం, హరిచందనాలతో కలిపి చెప్పే దేవతా వృక్షం. ముళ్లమోదుగనూ జిల్లేడునూ కూడా మందారమన్నారు గానీ ఇక్కడ అవి పొసగవు. ఈ పద్యం పక్కన పాఠ్యపుస్తకాల్లో దాసాని బొమ్మ వేయడం ఇకనైనా మానాలి.

బోర్డుల మీద 'ఫ్లవరింగ్ సీజన్' అని తెలుగు అక్షరాల్లో రాసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పూతకాలం అంటే అర్థం కాని వాళ్లు వరంగల్లులో ఉన్నారా?

మంగ బోర్డు అలాగే ఉంచండి. గోడవార మొలిచిన ఉమ్మెత్తను పిచ్చిమొక్కని పీకేస్తుంటారు. ఒక్కదాన్ని మిగిల్చి, దానికీ 'మదనం' అని రాయించండి.