రిపోర్టు చేరవలసిన చేతికి చేరాలి

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

ఒంగోలులో సొంతంగా స్కానింగ్ సెంటర్ తెరుస్తున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు చాలా సంతోషించాను. రుసుము తీసుకుని చేసే వైద్యసేవ వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కనుక, కొన్ని అలవాట్లు మొదటి రోజు నుంచే చేసుకోమని ఈ ఉత్తరం రాస్తున్నాను.

జబ్బు కంటికి ఆనకపోవడం ఒక ఎత్తయితే, కనిపించి, రిపోర్టులో ఎక్కి కూడా, చికిత్స చేసే డాక్టరుకు వేళకు చేరకపోవడం మరో ఎత్తు. నాకు రెండోదే ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దాన్ని ఒక్క ఫోన్‌తో తప్పించవచ్చు. మెదడులో రక్తస్రావం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి గుండెను నొక్కే టెన్షన్ న్యుమోథొరాక్స్, గర్భసంచి బయట పెరిగి పగిలిన ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ వంటివి కనిపించినప్పుడు బంధువుల చేతికి కవరిచ్చి పంపవద్దు. ఆ డాక్టరుతో నీవే మాట్లాడి, చెప్పినది ఆయన చేత మళ్లీ చెప్పించుకుని, "రాత్రి 9.40కి డ్యూటీ డాక్టరుకు ఫోన్‌లో తెలియజేయడమైనది" అని ఆయన పేరుతో సహా రిపోర్టు చివర రాయి. ఆ ఒక్క వరుస రోగికి ప్రాణాధారం. రేపు వినియోగదారుల కమిషన్ ముందు నీకు సాక్ష్యం కూడా. అనుకోకుండా ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనిపిస్తే, మళ్లీ ఎన్ని నెలలకు సీటీ తీయించాలో రిపోర్టు చివరి సారాంశమైన ఇంప్రెషన్‌లోనే స్పష్టంగా పెట్టు.

ముందే రాసిపెట్టుకున్న రిపోర్టు నమూనాలతో, అంటే టెంప్లేట్లతో మరీ జాగ్రత్త. పిత్తాశయం ఎప్పుడో తీయించుకున్న మనిషికి "గాల్ బ్లాడర్ నార్మల్" అని వెళ్లిందంటే, మిగతాదంతా ఎంత శ్రద్ధగా చూసి రాసినా ఎవరూ నమ్మరు. సంతకానికి ముందు కుడి, ఎడమ మరోసారి సరిచూడు. పాత ఫిల్ములు ఉంటే అడిగి తెప్పించుకుని పోల్చు.

స్కాన్ స్పష్టంగా కనిపించేందుకు ఎక్కించే కాంట్రాస్ట్ మందు ఇచ్చే ముందు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, పాత అలర్జీలు కనుక్కోవాలి. కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 లోపుంటే ఆగి, పంపిన డాక్టరుతో చర్చించు. ఆ మందుకు తీవ్రమైన అలర్జీ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ స్కాన్ గదిలోనే ఉండాలి. పెద్దవారికి తొడ కండరంలో అర మిల్లీగ్రాము ఇవ్వడం నీ సిస్టర్‌కు, టెక్నీషియన్‌కు కూడా తెలిసి ఉండాలి. అంగీకార పత్రం తెలుగులో చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. 2018లో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎంఆర్ఐ గదిలోకి వెళ్లిన ఒక రోగి బంధువును ఆ యంత్రపు అయస్కాంతం లాగేసి ప్రాణమే పోయింది కాబట్టి, లోహపు వస్తువులతో ఎవరినీ లోపలికి రానివ్వకుండా ఆ తలుపు దగ్గర ఎవరికీ మొహమాటపడవద్దు. గర్భిణుల స్కాన్‌కు లింగనిర్ధారణ నిషేధ చట్టం కోరే ఫారం ఎఫ్ అప్పటికప్పుడే పూర్తి కావాలి.

ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఇచ్చిన రిపోర్టును దిద్దవద్దు. చేర్చవలసినది ఉంటే తేదీ, సమయం వేసి అడెండమ్‌గా, అంటే విడి అనుబంధంగా రాయి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్న నిబంధన 2002 నుంచీ ఉంది. ఇచ్చేటప్పుడు వాళ్లను కూర్చోబెట్టి, ఫిల్ము చూపించి, నీవే విడమరిచి చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య